కంపెనీ మూతపడితే వారంటీ ఏమైతది? ఝట్కా మిషన్ నాకు నేర్పిన పాఠం



పోయిన వీడియోలో అడవి పందులకు ఝట్కా మిషన్ ఎట్ల బిగించుకోవాలో చూపించిన. అది చూసి ఫోన్ చేసిన రైతుల్లో శానా మంది ఒక్కటే అడిగిన్రు: "తమ్మీ, మిషన్ ఆగిపోయింది. కంపెనీ మూసేసిన్రట. కార్డు మీద ఇంకా ఏడాది వారంటీ ఉన్నది. ఇప్పుడు ఎవల్ని అడగాలె?"

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు. వీడియోలో మిషన్ విప్పి, కాయితాలు ముందర పెట్టి చూపించిన. ఇక్కడ చట్టం సంగతి, చెయ్యాల్సిన పనులు వరుసగా రాస్తున్న. ఫోన్లో దాచిపెట్టుకోండి, అవసరం పడ్డనాడు పనికొస్తది.

ముందు నా అనుభవం

మాది మెదక్ జిల్లా ఎల్దుర్తి. యాసంగిలో రెండెకరాల మక్క, మధ్యల అలసంద వేసిన. పందుల బాధకు చేను చుట్టూ తీగ లాగి ఝట్కా మిషన్ పెట్టిన. కార్డు మీద రెండేండ్ల వారంటీ. ఏడో నెల దాటక ముందే, కంకి పాలు పోసుకునే టైముకు మిషన్ ఆగింది. లైటు వెలుగుతున్నది, తీగకు మాత్రం షాక్ లేదు. డీలరుకు ఫోన్ చేస్తే "రేపు, ఎల్లుండి" అనుకుంట పది రోజులు జరిపిండు. ఆఖరుకు "అన్నా, ఆ కంపెనీ బందు పెట్టిన్రు, నేనేం జేస్త" అన్నడు.

ఆ రాత్రే పందులు వడ్డయి. తెల్లారేసరికి అరెకరం మక్క నేలకు ఒరిగింది. మా నాయిన చేన్ల నిలవడి, "ఈ ఒక్క రాత్రికి మోటారు లైను నుంచి తీగకు కరెంటు ఇద్దాం" అన్నడు. నేను వద్దన్న. ఝట్కా మిషన్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టుల షాక్ తయారు చేస్తది గానీ, అది సెకనుకు ఒక్కసారి, కన్ను మూసి తెరిచే లోపల పోతది. పంది బెదురుతది, సావదు. డైరెక్ట్ కరెంటు అట్ల కాదు, పట్టుకున్నోన్ని విడువదు. మన రాష్ట్రంలో పందుల కోసం పెట్టిన కరెంటు తీగకు తగిలి రైతులు, కూలీలు సచ్చిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నం. చట్ట ప్రకారం కూడా అది నేరం. వారంటీ పని చెయ్యకపోతే పైసలే కాదు, ఇంత దూరం పోతది. అందుకే ఈ పాఠం రాస్తున్న.

నేను రెండు తప్పులు చేసిన. ఒకటి, కోపంలో మిషన్ నేనే విప్పిన. సీలు పోయింది. రెండు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోలేదు. అదే మిషన్ కొన్న మా ఊరి అక్క ఒకామె బిల్లు, సీరియల్ నంబరు, డీలరు ముద్ర ఉన్న కార్డు, అన్నీ డబ్బాల దాచిపెట్టుకున్నది. ఆమె మిషన్ కూడా ఆగింది. నోటీసు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, డీలరు వేరే కంపెనీ మిషన్ ఇచ్చిండు. నాకు ఏం రాలేదు. మిషన్ ఒక్కటే, డీలరు ఒక్కడే. తేడా కాయితాల కాడనే వచ్చింది.

వారంటీ అంటే ఎవరి మాట?

మనం ఒక వస్తువు కొన్నప్పుడు రెండు వేర్వేరు మాటలు మన చేతికి వస్తయి. మనం వీటిని ఒక్కటే అనుకుంటం.

మొదటిది కంపెనీ మాట. అదే వారంటీ కార్డు. "ఇన్ని నెలల్లో చెడిపోతే బాగు చేసి ఇస్తం" అని తయారు చేసినోడు, లేదా దిగుమతి చేసినోడు రాసిచ్చిన హామీ.

రెండోది అమ్మినోని మాట. ఇది కార్డు మీద రాసి ఉండకపోయినా ఉంటది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర ఫలానా పనికి అని చెప్పి, అతని మాట నమ్మి కొంటే, సరుకు ఆ పనికి పనికి రావాలె. పైకి కనపడని లోపం ఉంటే అమ్మినోడు జవాబు చెప్పాలె. బిల్లు ఎవని పేరు మీద ఉన్నదో, మనతో కొనుగోలు ఒప్పందం అతనికే.

కంపెనీ పోతే మొదటి మాట బలహీనపడుతది. రెండో మాట అట్లనే ఉంటది. "కంపెనీ బందైంది, నాకు సంబంధం లేదు" అని డీలరు అంటే, అది చట్టం మాట కాదు, ఆయన మాట.

కంపెనీ పోవుడు మూడు తీర్లు

"కంపెనీ పోయింది" అంటే ముందు ఎట్ల పోయిందో తెలుసుకోవాలె. అన్నీ ఒక్క తీరు ఉండయి.

*ఒకటి: ఆ సరుకు బందు పెట్టింది, కంపెనీ మాత్రం బతికే ఉన్నది.* 2021 ఏప్రిల్‌లో ఎల్‌జీ సెల్‌ఫోన్ల వ్యాపారం మూసేస్తున్నట్టు చెప్పింది. కంపెనీ టీవీలు, ఫ్రిజ్‌లు అమ్ముకుంట ఉన్నది. అదే ఏడాది సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. సర్వీసు, స్పేర్లు, వారంటీ కొనసాగిస్తమని ముందే చెప్పింది. ఇట్లాంటప్పుడు వారంటీ చట్టబద్ధంగా అట్లనే ఉంటది. కష్టం ఎక్కడొస్తదంటే సర్వీసు సెంటర్లు తగ్గుతయి, స్పేర్లు ఆలస్యమైతయి. మనం చెయ్యాల్సిందల్లా ఆలస్యం చెయ్యకుంట రాతపూర్వకంగా అడుగుడే.

*రెండు: వ్యాపారం ఇంకొకరు కొన్నరు.* దీనికి మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ఆ వ్యాపారం మహీంద్రా చేతికి పోయింది. ఇయ్యాల అదే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారైతున్నయి. సనత్‌నగర్‌లో ఆల్విన్ చేసిన ఫ్రిజ్‌ల వ్యాపారం 1990లలో వోల్టాస్‌కు పోయింది. పెద్దోళ్ళ ఇండ్లల్ల ఆల్విన్ ఫ్రిజ్ చూసే ఉంటరు.

ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. కంపెనీ మొత్తం ఇంకో కంపెనీలో కలిసిపోతే అప్పులు, బాధ్యతలు కూడా కలుస్తయి. కొత్త కంపెనీనే అడగొచ్చు. ఫ్యాక్టరీ, మిషన్లు, పేరు మాత్రమే కొన్నరనుకోండి, పాత వారంటీలు ఎవరివి అనేది వాళ్ళ మధ్య ఒప్పందంలో ఉంటది. ఆ ఒప్పందం మనకు కనపడదు. అందుకే నోటీసు ఇద్దరికీ పంపాలె, పాతోనికి, కొత్తోనికి.

*మూడు: దివాలా తీసింది.* ఇది అన్నిటి కన్నా గడ్డు. వీడియోకాన్ మీద 2018లో దివాలా ప్రక్రియ మొదలైంది. సీడీలు, డీవీడీలకు పేరున్న మోసర్ బేర్‌ను 2018లోనే అమ్మి అప్పులు తీర్చమని ట్రిబ్యునల్ చెప్పింది. ఆ గ్రూపు సోలార్ ప్యానెళ్ళు కూడా చేసింది. సోలార్ ప్యానెల్ మీద 25 ఏండ్ల వారంటీ అని రాస్తరు. ఆ కార్డు బతికే అన్నేండ్లు కంపెనీ కూడా బతకాలె కదా.

2016 దివాలా కోడ్ ప్రకారం ప్రక్రియ మొదలైతే మారటోరియం వస్తది. ఆ కాలంలో ఆ కంపెనీ మీద కొత్త కేసులు నడవయి, పాతయి ఆగుతయి. ఇగ మిగిలిన దారి, క్లెయిమ్ వేసుడు. పేపర్లో ప్రకటన వస్తది, ఫారం నింపి గడువు లోపల రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పంపాలె. నిజం చెప్పాలంటే, ఆస్తులు అమ్మితే వచ్చిన పైసల్లో ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల జీతాలు. మన వంతు శానా ఎనక. పదివేల మిషన్ మీద అక్కడ ఆశ పెట్టుకోవద్దు. అయితే ఆ ఆపుడు కంపెనీకే వర్తిస్తది. మనకు అమ్మిన డీలరు వేరే మనిషి, ఆయన మీద దారి తెరిచే ఉంటది.

రైతు వినియోగదారుడేనా?

ఔను. కొందరు డీలర్లు "నువ్వు పంట అమ్ముకుంటవు, ఇది వ్యాపారం, కన్స్యూమర్ కేసు నడవదు" అని బెదిరిస్తరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉన్నది, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం తాను వాడుకునే వస్తువు కొంటే అది వ్యాపార అవసరం కింద రాదు. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని చెప్పింది. ఆ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిందే. లోపమున్న విత్తనం మీద కొట్లాడి గెలిచిన్రు.

ఒక జాగ్రత్త. గానుగ నూనె, పిండి గిర్నీ లాంటివి పెట్టుకున్న మిత్రులు ఉన్నరు. మీరే నడుపుకుంట బతికితే పర్వాలేదు. పది మందిని పెట్టి పెద్దగ నడిపే వ్యాపారానికి కొన్న మిషన్ అయితే ఈ కమిషన్‌లో అడ్డు రావొచ్చు.

మిషన్ ఆగింది, కంపెనీ లేదు. ఏం చెయ్యాలె?

ఈ వరుస తప్పొద్దు.

1. మిషన్ విప్పొద్దు. ఆగినట్టు వీడియో తీయండి. సీరియల్ నంబరు, సీలు, బిల్లు, కార్డు అన్నీ ఫొటోలు తీసి పెట్టండి. లోపం ముందు నుంచే ఉన్నదని చూపించే భారం మన మీదనే ఉంటది, అవసరమైతే కమిషన్ ల్యాబ్‌కు పంపుతది. విప్పిన మిషన్‌కు ఆ దారి మూసుకుపోతది.

2. మిషన్‌లో ఉన్న వేరే కంపెనీల సరుకు చూడండి. ఇది శానా మందికి తట్టదు. ఝట్కా మిషన్‌లో బ్యాటరీ ఒక కంపెనీది, సోలార్ ప్లేటు ఇంకొకరిది. పవర్ వీడర్‌లో ఇంజను వేరే కంపెనీది ఉండొచ్చు. మిషన్ పేరు పెట్టుకున్నోడు పోయినా, బ్యాటరీ చేసినోడు ఉంటడు. బ్యాటరీ మీద ఉన్న నంబరుతో వాళ్ళ డీలరు దగ్గరికి పొండి. నా మిషన్‌లో పోయింది బోర్డు కాబట్టి నాకు పనికి రాలేదు, బ్యాటరీ పోయినోళ్ళకు పనికొస్తది.

3. దిగుమతి మిషన్ అయితే డబ్బా పారెయ్యొద్దు. దిగుమతి చేసినోని పేరు, అడ్రస్ డబ్బా మీద ఉండాలె. బయటి దేశం కంపెనీ పోయినా, ఇక్కడి దిగుమతిదారు ఉంటడు.

4. రాతపూర్వకంగా నోటీసు. తెల్లకాయితం మీద మీరే రాయొచ్చు. ఎప్పుడు కొన్నరు, ఎంతకు కొన్నరు, ఏ రోజు ఆగింది, ఎన్నిసార్లు ఫోన్ చేసిన్రు, ఏం కావాలె: బాగు చేసుడా, మార్చుడా, పైసలు వాపసా. 15 రోజుల గడువు పెట్టండి. డీలరుకు, కంపెనీ రిజిస్టర్డ్ అడ్రస్‌కు, దిగుమతిదారు ఉంటే ఆయనకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నోటి మాటకు విలువ లేదు. మా అక్క పని ఇక్కడనే తేలింది.

5. 1915కు ఫోన్. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

6. జిల్లా వినియోగదారుల కమిషన్. మనం ఉన్న కాడనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఊరికి పోవాల్సిన పని లేదు. సరుకు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు. కష్టం మొదలైన రోజు నుంచి రెండేండ్ల లోపల వెయ్యాలె. డీలరు "వచ్చే నెల, వచ్చే నెల" అనుకుంట ఈ రెండేండ్లు తినేస్తడు, జాగ్రత్త.

పంట నష్టం కూడా అడగొచ్చు. కాకపోతే రుజువు గట్టిగ ఉండాలె. పంట పడిపోయిన రోజే ఫొటోలు తీయండి, ఏఈఓను పిలిచి చూపించి రాయించుకోండి. నెల తర్వాత దున్నేసిన చేను చూపిస్తే ఎవరూ నమ్మరు.

ఎప్పుడు గెలుస్తం, ఎప్పుడు ఓడుతం అనేది కాయితాల మీద, లోపం తీరు మీద ఉంటది. కేసు వేస్తే పైసలు వస్తయని నేను గ్యారంటీ ఇస్తలేను. కాయితాలు లేకుంటే మాత్రం రావు.

కొనే ముందే చూసుకోవాల్సినయి

నేను ఇప్పుడు ఏ మిషన్ కొన్నా ఈ ఐదు చూస్తున్న.

మొదటిది, బిల్లు. జీఎస్టీ నంబరుతో పక్కా బిల్లు, దాని మీద మోడల్, సీరియల్ నంబరు. "బిల్లు లేకుంటే వెయ్యి తగ్గిస్త" అంటే ఆ వెయ్యికి మనం వారంటీ అమ్ముకున్నట్టే.

రెండోది, డీలరు సొంత హామీ. "కంపెనీ చెయ్యకపోతే నేను చేస్త" అని బిల్లు ఎనక ఒక్క లైను రాసి సంతకం పెట్టమనండి. పెట్టే డీలరు దొరికితే ఐదు వందలు ఎక్కువైనా అతని దగ్గరనే కొనండి.

మూడోది, లోపలి సరుకు కార్డులు. బ్యాటరీ, ప్లేటు, మోటారు, ఇంజను కార్డులు వేర్వేరుగా అడిగి తీసుకోండి.

నాలుగోది, స్పేర్లు బజార్లో దొరికే కొలతలేనా? 6204 బేరింగ్ ఏ కంపెనీది తెచ్చినా లోపల 20, బయట 47, మందం 14 మిల్లీమీటర్లే ఉంటది. బి సెక్షన్ బెల్టు రాణిగంజ్‌లో దొరుకుతది, తూప్రాన్‌లో దొరుకుతది. ఇట్లాంటి కొలతల మీద కట్టిన మిషన్ కంపెనీ పోయినా నడుస్తది. ఆ కంపెనీ దగ్గర తప్ప దొరకని గేరు, దొరకని బోర్డు ఉంటే, కంపెనీ పోయిన రోజే మిషన్ కూడా పోయినట్టు.

ఐదోది, విప్పితే బాగు చేసేటట్టు ఉన్నదా? నా పాత మిషన్ బోర్డు మొత్తం నల్లటి లప్పం పోసి గట్టిపరిచిన్రు. వానకు, తేమకు మంచిదే గానీ ఒక్క చిన్న భాగం పోతే బోర్డంతా పారెయ్యాలె. మా ఊరి టీవీ మెకానిక్ చూసి చేతులెత్తేసిండు. ఇప్పుడున్న మిషన్ బోర్డు స్క్రూల మీద ఉన్నది. ఒకసారి పోతే అదే మెకానిక్ గంటలో బాగు చేసిండు. రెండూ వీడియోలో పక్కపక్కన పెట్టి చూపించిన.

హెచ్‌ఎంటీ సంగతి

ఆఖరుకు మన రైతులందరికీ తెలిసిన కంపెనీ గురించి చెప్త. హెచ్‌ఎంటీ. 1971లో చెకొస్లొవేకియా జీటర్ కంపెనీ సాయంతో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. సర్కారు కంపెనీ. దానికి మించిన నమ్మకం ఏముంటది? అయినా 2016 జనవరిలో గడియారాల కంపెనీ, బేరింగుల కంపెనీ మూయాలని, అదే ఏడాది అక్టోబరులో ట్రాక్టర్ల విభాగం మూయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నది.

మరి హెచ్‌ఎంటీ ట్రాక్టర్లన్నీ తుక్కుకు పోయినయా? లేదు, ఇప్పటికీ పాత బండ్లు నడుస్తున్నయి. వారంటీ ఎప్పుడో ఐపోయింది. ఇంజను లెక్కలేనంత మంది మెకానిక్‌లకు తెలుసు, స్పేర్లు విడిగా చేసి అమ్మేటోళ్ళు ఉన్నరు. అందుకే నడుస్తున్నయి. కంపెనీ బతికున్నా మెకానిక్‌కు తెలియని మిషన్ కన్నా, కంపెనీ లేకున్నా మెకానిక్‌కు తెలిసిన మిషన్ నయం.

హెచ్‌ఎంటీ పేరు మన పొలాల్లో ఇంకో తీరుగ కూడా ఉన్నది. హెచ్‌ఎంటీ వడ్లు. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు, తన మడిలో తేడాగా కనపడ్డ వెన్నులను ఏరి, ఏండ్ల తరబడి ఎంపిక చేసుకుంట ఆ రకాన్ని నిలబెట్టిండు. అప్పట్లో పేరున్న హెచ్‌ఎంటీ గడియారం పేరే ఆ వడ్లకు వచ్చింది. ఆ గడియారాల కంపెనీ మూతపడ్డది. 2018లో దాదాజీ కూడా కాలం చేసిండు. ఆ వడ్లకు ఎవరూ వారంటీ కార్డు ఇయ్యలేదు. అయినా ఇయ్యాల మన తెలంగాణలో హెచ్‌ఎంటీ వడ్లు పండుతున్నయి, విత్తనం రైతు గుమ్మిలో ఉన్నది కాబట్టి.

ప్రకృతి వ్యవసాయంలో మనం విత్తనం కోసం, ఎరువు కోసం కంపెనీ మీద ఆధారపడొద్దు అని నేర్చుకున్నం. మిషన్ల కాడికి వచ్చేసరికి అది మర్చిపోతున్నం, నేను కూడా మర్చిపోయిన. మిషన్‌ను ఇంట్ల పండించుకోలేం, కొనాల్సిందే. కొనేటప్పుడు మాత్రం, "రేపు ఈ కంపెనీ లేకపోతే దీన్ని నేను, మా ఊరి మెకానిక్ కలిసి నడుపుకోగలమా?" అని ఒక్కసారి అడుక్కోండి.

ఇయ్యాల చెయ్యాల్సిన పని ఒక్కటి చెప్త. ఇంట్ల ఉన్న మోటారు, స్ప్రేయర్, ఝట్కా మిషన్, సోలార్ ప్లేట్ల బిల్లులు, కార్డులు తీసి ఫొటో కొట్టి ఫోన్ల ఒక్క ఫోల్డర్‌లో పెట్టండి. బిల్లు అచ్చు ఏడాదిలో మాసిపోతది, ఫొటో ఉంటది. కార్డు మీద డీలరు ముద్ర లేకపోతే, కంపెనీ బాగున్నప్పుడే పోయి వేయించుకోండి.

వచ్చే వీడియోలో ఝట్కా తీగకు ఎర్త్ సరిగ్గ ఎట్ల ఇయ్యాలె, ఎండకాలం ఎర్త్ ఎందుకు పని చెయ్యదో చూపిస్త. సగం మిషన్లు పాడు కాకుంటనే పాడైనట్టు కనపడేది అక్కడనే.

జై కిసాన్.